గడ్డి పెంచిన కలుపు మామ

కలుపు మామకు ఆ పేరు పెట్టిందెవరో తెలియదు కానీ, పెట్టినవాడి నోట్లో పంచదార పొయ్యాలి. సొంత పొలంలో కలుపు పీకేవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. ఈయన కంటపడిన కలుపు ఎవరి చోటులో ఉన్నా బతకనిచ్చేవాడు కాదు. పెళ్ళికి పిలిస్తే, పెళ్ళికూతుర్ని చూడకముందే వాళ్ళ మెట్ల సందులో మొలిచిన గడ్డిపోచను చూసి వంగేవాడు. ఒకసారి స్నేహితుడు పోతే శ్మశానానికి వెళ్ళాడు. అందరూ తలలు వంచుకుని నిలబడితే ఈయనా వంచుకున్నాడు. పాపం ఎంత బాధపడుతున్నాడో అనుకున్నారు జనం. తీరా చూస్తే పక్క సమాధి చుట్టూ ఒక్క పోచ లేకుండా నున్నగా పీకేసి ఉంది. "ఇప్పుడు ఆయన ఆత్మకు హాయిగా ఉంటుంది" అన్నాడట చేతులు దులుపుకుంటూ. ఆ పక్క సమాధిలో ఉన్నది ఎవరో ఈయనకూ తెలియదు, మిగతావాళ్ళకూ తెలియదు.

ఆయన పొలం ఇంటి వెనక మొదలై గుట్ట పైదాకా వాలుగా ఎక్కుతుంది. మొక్కజొన్న కోత అయిన మర్నాడే ట్రాక్టర్ ఎక్కి, కిందినుంచి పైకి, పైనుంచి కిందికి నూలు పట్టి గీసినట్టు దున్నేసేవాడు. వాలుకు అడ్డంగా దున్నవయ్యా, మట్టి నిలుస్తుంది అని తెలిసినవాళ్ళు చెప్పకపోలేదు. "అడ్డంగా గీస్తే రోడ్డు మీదికి అందం కనపడదు" అన్నాడు. అంటే ఏమిటి? బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు చూసి ఆహా అనాలని! వాళ్ళేమో అటు చూస్తే చూశారు, లేకపోతే నిద్రపోయారు.

వాన పడితే ఆ సోకైన గీతలన్నీ పిల్లకాలువలయ్యేవి. మట్టి జారుకుంటూ వచ్చి పెరటి గోడకు ఆనుకుని కుప్పపడేది. వాన వెలిశాక మామ ఆ మట్టిని పారతో ట్రాలీకెత్తి మళ్ళీ గుట్ట మీదికి తీసుకెళ్ళి పరిచేవాడు. ఏటా ఇదే తంతు. పొలం కిందికి దిగడం, ఈయన దాన్ని బుజ్జగించి పైకెక్కించడం. గోడ దగ్గర ఆగనిది వాగులోకీ, పెరట్లోని బావిలోకీ పోయేది. "పోయేది సారం లేని మట్టిలే" అనేవాడు. ఎలా తెలుసో మరి! సారమున్న మట్టి నేను రానని మొరాయించి పైనే కూర్చుందనుకున్నాడు కాబోలు. పైన మిగిలిన నేల ఏటికేడు గట్టిపడి, పాలిపోయి, పైరు ఎదగక మొండికేస్తుంటే, దానికి మందుగా యూరియా పెంచుకుంటూ పోయాడు.

పక్క చెక్క ఆయన భార్య అన్నగారిది. ఆయన్ని బద్ధకం బావ అంటారు. మనసు పుట్టిన ఏడాది దున్నుతాడు. పుట్టకపోతే ఆవుల్ని పొలంలోకి వదిలేసి చెట్టు కింద తువ్వాలు పరుచుకుంటాడు. మామకు ఆ పొలం వైపు చూస్తేనే ఒళ్ళు మండేది.

"ఏం బావా, నీ పొలంలో పాములు కాపురం పెట్టినట్టున్నాయే" అనేవాడు గట్టు మీద నిలబడి.

"పెట్టనీ బావా, వాటికి మాత్రం ఇల్లు వద్దా?" అనేవాడు ఆయన, పడుకున్నచోటు నుంచి లేవకుండానే.

ఇంట్లో ఉండేది మామ, భార్య, ఒక్కగానొక్క కూతురు, అల్లుడు. అల్లుడికి పట్నంలో లారీలు బాగుచేసే షెడ్డులో పని. పొద్దున బస్సెక్కి పోయి సాయంత్రం దిగుతాడు. కూతురికి ఆడపిల్ల పుట్టింది. అంతే, మన కలుపు మామ మనిషే మారిపోయాడు. "నా బంగారుకొండ, నా వెన్నముద్ద" అంటూ పొద్దస్తమానం ఉయ్యాల చుట్టూ తిరిగేవాడు. ముళ్ళకంపల్ని కూడా ఒట్టి చేతుల్తో పీకేసే మొనగాడు, ఆ పిల్ల బుగ్గ ముట్టుకోవాల్సి వస్తే చెయ్యి రెండుసార్లు కడుక్కుని, పంచెకు తుడుచుకుని, అప్పటికీ జంకేవాడు.

తల్లిపాలు చాలకపోతే డబ్బా పాలపొడి మొదలుపెట్టారు. దానికి నీళ్ళు మరిగించే పని నాదంటే నాదని మామ పట్టుకున్నాడు.

"మీ ఆడవాళ్ళకు తొందరెక్కువ. ఒక పొంగు రాగానే దించేస్తారు. క్రిమి అనేది మిగలకూడదు" అని గిన్నె సగమయ్యేదాకా పొయ్యి దగ్గర కాపలా కూర్చునేవాడు.

"అయ్యో, గిన్నె మాడుతోందండీ" అంటే, "గిన్నె పోతే గిన్నె వస్తుందే" అనేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం పిల్ల పెదాలు నీలంగా తిరిగాయి. గోళ్ళు కూడా. ఏడవడానికి ఓపిక లేనట్టు గుడ్డలో వాలిపోయింది. కూతురు గుండెలు బాదుకుంది. ఎవరి బండి దొరికితే ఆ బండిలో పట్నం ఆసుపత్రికి పరిగెత్తారు. దారంతా మామ ఆ పిల్ల పాదాలు రెండూ అరచేతుల్లో పెట్టుకుని రుద్దుతూనే ఉన్నాడు. పిల్ల గట్టెక్కింది. రంగు తిరిగి వచ్చాక డాక్టరు బయటికి వచ్చి మొదట అడిగింది నీళ్ళ గురించే.

"పాలపొడి ఏ నీళ్ళతో కలుపుతున్నారు?"

"మా సొంత బావి నీళ్ళేనండీ. నేనే స్వయంగా సగమయ్యేదాకా మరిగిస్తానండీ" అన్నాడు మామ, ఇప్పుడు మెచ్చుకుంటాడన్న ధీమాతో.

"బావి పక్కన పొలాలున్నాయా?"

"పక్కనేమిటండీ, పైనే! ఆ వాలంతా మాదే."

డాక్టరు మెచ్చుకోలేదు. "మరిగిస్తే క్రిములు చస్తాయి పెద్దాయనా, ఎరువు చావదు. నీరు ఆవిరైపోతుంది, అది గిన్నెలోనే ఉండిపోతుంది. మీరు పాలు చిక్కబెట్టినట్టు విషాన్ని చిక్కబెట్టి పోశారు. పెద్దవాళ్ళు తట్టుకుంటారు, పసిగుడ్డు రక్తం తట్టుకోదు."

మామ గిన్నె పట్టిన తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. భార్య తర్వాత చాలాకాలం ఆ రోజును అలాగే గుర్తుపెట్టుకుంది.

ఆసుపత్రి నుంచి కూతురు ఇంటికి రాలేదు. పట్నంలోనే ఒక దర్జీ కొట్టు పైన ఒంటిగది అద్దెకు తీసుకుని, అక్కడే పిల్లను పడుకోబెట్టింది. కింద రోజంతా కుట్టుమిషన్ల చప్పుడు. కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ. మామ వెళ్ళి బతిమాలాడు.

"డబ్బా నీళ్ళు తెప్పిస్తాను అమ్మడూ. ఎన్ని కావాలంటే అన్ని. రా తల్లీ ఇంటికి."

"డబ్బా ఏదో ఒకరోజు అయిపోతుంది నాన్నా. ఆరోజు నువ్వు పొయ్యి వెలిగిస్తావు."

"వెలిగించనే!"

"నీ సంగతి నాకు తెలియదా? బావి బాగుపడ్డప్పుడు వస్తాం. అంతదాకా మమ్మల్ని ఇలా ఉండనీ."

పిల్ల లేని ఉయ్యాలను చూడలేక భార్య దాన్ని మడిచి అటక మీద పెట్టేసింది. మామ రెండు పూటలు అన్నం మానేశాడు. మూడో పూట భార్య కంచం ముందు పెట్టి, "ఇలా పస్తులుంటే బావి బాగుపడుతుందా?" అని అడిగేసరికి బుద్ధిగా తిన్నాడు.

ఆసుపత్రివాళ్ళు చెబితే కాబోలు, నీళ్ళ పరీక్షల ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చింది. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, భుజాన సీసాల సంచి. వచ్చిన పూటే ఆమెకు సీసాలమ్మాయి అని పేరు పడిపోయింది. నవ్వదు, కూర్చోమంటే కూర్చోదు, ఏం చెప్పినా పాఠం అప్పజెప్పినట్టు చెబుతుంది. బావి నీళ్ళు తీసుకెళ్ళి, మళ్ళీ వచ్చి పాఠం మొదలుపెట్టింది.

"బావిలో నైట్రేట్ చాలా ఎక్కువగా ఉందండి. మీరు వేసే ఎరువులో పైరు తిన్నంత తింటుంది. మిగిలింది వానతో బావిలోకి దిగుతుంది. కోత కాగానే దున్ని నేలను బోడిగా వదిలేస్తున్నారు కాబట్టి, దాన్ని మధ్యలో పట్టుకోవడానికి ఒక్క వేరు కూడా ఉండదు."

"అయితే ఇప్పుడేం చెయ్యమంటావమ్మా?"

"వాలంతా గడ్డి వెయ్యండి. దున్నకూడదు, ఎరువు వెయ్యకూడదు. గడ్డి కోసి పశువులకు అమ్ముకోవచ్చు. పంట పోయినందుకు మా ఆఫీసు కొంత ఇస్తుంది."

గడ్డి! పోలీసును పిలిచి దొంగకు పిల్లనివ్వమని అడిగినట్టుంది. మామకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. "మా నాన్న, మా తాత ఈ నేలలో గడ్డి పీకీ పీకీ నడుములు విరగ్గొట్టుకున్నారు. ఇప్పుడు నేను గడ్డి వెయ్యాలా? ఊళ్ళో తలెత్తుకుని తిరగొద్దా?" అని అరిచాడు.

సీసాలమ్మాయి నేరుగా పొలంలోకి దిగింది. మామ దుక్కిలోంచి ఒక మట్టిబెడ్డ తీసింది. గట్టు దాటి వెళ్ళి, బద్ధకం బావ ఆవులు మేసే గడ్డి కిందినుంచి ఇంకో బెడ్డ తవ్వింది. రెండు గ్లాసుల్లో నీళ్ళు పోయించి, రెండు బెడ్డలూ వేసింది. మామ బెడ్డ నీళ్ళు తగలగానే కరిగిపోయి గ్లాసంతా బురదైంది. బావ బెడ్డ ఉన్నది ఉన్నట్టు కూర్చుంది. దాని చుట్టూ నీళ్ళు తేటగా ఉన్నాయి.

"వేళ్ళూ వానపాములూ మట్టిని పట్టి ఉంచుతాయి. మీ మట్టిని పట్టి ఉంచేది ఏమీ లేదండి" అని చెప్పి, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

"గారడీ!" అన్నాడు మామ ఆమె గేటు దాటాక.

గారడీయే అయితే అక్కడితో వదిలెయ్యాలిగా! మర్నాటినుంచి వంటింట్లో అదే పని. పొలం పైనుంచి ఒక బెడ్డ, మధ్యనుంచి ఒక బెడ్డ, గోడ వారనుంచి ఒక బెడ్డ. ఏది వేసినా గ్లాసులో బురదే. మంచి నేల అని తను గొప్పలు పోయే చోటి బెడ్డ కూడా పరువు నిలబెట్టలేదు. దొంగచాటుగా బావ గట్టు దగ్గర తవ్వి తెచ్చిన బెడ్డ మాత్రం చెక్కుచెదరలేదు.

"నిన్న స్టీలు గ్లాసులు, ఇవాళ గాజు గ్లాసులు. రేపు నా నోట్లో కూడా మట్టి వేసి చూడండి" అంది భార్య, పొయ్యి దగ్గరి బురద తుడుస్తూ.

"ఊరుకోవే. పని చేసి చెమటోడ్చినవాడి మట్టి కరిగిపోవడమేమిటి, పడుకున్నవాడి మట్టి నిలవడమేమిటి?"

"దాన్ని కూడా మా అన్నయ్య పడుకోనిచ్చాడు. మీరు ఒక్కరోజన్నా పడుకోనిచ్చారా?"

ఆ మాట మామకు చురుక్కున తగిలింది. భార్య మాట తగిలినా తగలనట్టు ఉండడం ఆయనకు ఎప్పటినుంచో అలవాటు కాబట్టి, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు. కానీ మర్నాడు పట్నం వెళ్ళి, కూతురి గదిలో చాప మీద కూర్చుని, మనవరాలిని ఒళ్ళో పెట్టుకున్నప్పుడు మనసు కరిగింది. పిల్ల ఆయన వేలు పట్టుకుని వదల్లేదు. ఆ వేలు అలాగే ఇచ్చి కూర్చున్నాడు.

"గడ్డి వేస్తానమ్మడూ" అన్నాడు చివరికి, దొంగతనం ఒప్పుకున్నవాడిలా.

"వెయ్యి నాన్నా. నీళ్ళు బాగుపడ్డాయని ఆ అమ్మాయి చెప్పినరోజు వస్తాను. నువ్వు చెప్పినరోజు మాత్రం రాను" అంది కూతురు.

కలుపు మామ గడ్డి విత్తనం చల్లిన రోజు చూడ్డానికి ఊరు ఊరంతా గట్టు మీదికి వచ్చింది. "మామా, ఏ రకం కలుపు వేస్తున్నావు?" అని ఒకడు, "మొలిచాక పీకడానికి మమ్మల్ని పిలు మామా" అని ఇంకొకడు. బద్ధకం బావ అయితే, ఏనాడూ లేనిది, లేచి నిలబడి మరీ చూశాడు. మామ పళ్ళు నూరుకుంటూ పని కానిచ్చాడు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. గడ్డి మొలిచిందో లేదో, మామ దాన్ని కూడా పైరులాగే పెంచడం మొదలుపెట్టాడు. వేసిన గడ్డి వెయ్యని గడ్డి అని రెండు జాతులు చేసి, వెయ్యని గడ్డిని పీకేస్తూ ఎండలో కూర్చునేవాడు. గడ్డిలో కలుపు తీసిన మహానుభావుణ్ణి లోకం అప్పుడే చూసింది. అదీ చాలక ఒకరోజు పొద్దున్నే కొట్టుగదిలోంచి మిగిలిపోయిన యూరియా బస్తా భుజానికెత్తుకున్నాడు.

"ఎక్కడికి?" అంది భార్య గుమ్మంలో అడ్డంగా నిలబడి.

"ఒక్క దోసెడేనే. బావ గడ్డి కంటే మన గడ్డి పొట్టిగా ఉంది. నలుగురూ నవ్వుతున్నారు."

ఆమె బస్తా కిందికి లాగి దాని మీద కూర్చుంది. మామ పొలానికి పోయి వచ్చాడు, కూర్చునే ఉంది. అన్నం వేళైంది, కూర్చునే ఉంది. బద్ధకం బావ వచ్చి ఆ బస్తా తీసుకుపోయేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

రెండు వానాకాలాలు దాటాయి. గడ్డి దట్టంగా అల్లుకుంది. పెద్ద వాన పడ్డప్పుడు కూడా పెరటి గోడ దగ్గరికి మట్టి రాలేదు. వచ్చిన కాసిని నీళ్ళూ తేటగా వచ్చాయి. ట్రాలీకి పని లేక దాంట్లో కోడి గుడ్లు పెట్టింది. సీసాలమ్మాయి వచ్చి పోతూనే ఉంది. రెండో వానాకాలం తర్వాతి ఎండాకాలంలో వచ్చినప్పుడు, నవ్వినట్టే కనిపించింది.

"బాగా తగ్గిందండి. ఇంకొక్క వానాకాలం ఇలాగే ఉంచండి. వచ్చేసారి సీసా తీసినప్పుడు తాగొచ్చని చెప్పగలననుకుంటా."

మామ పట్నం పరిగెత్తాడు. కూతురు మళ్ళీ కడుపుతో ఉంది. నీళ్ళ కబురు విని ఆమె కళ్ళు తుడుచుకుంది.

"ఈ కాన్పు మనింట్లోనే నాన్నా. ఇంక ఈ మిషన్ల చప్పుడు పడలేను. వానాకాలం వెళ్ళగానే, ఆ అమ్మాయి సీసా తీసే రోజుకు నేనూ వచ్చేస్తాను."

ఇంతవరకూ బాగుంది. ఇక్కడే ఆగితే ఆయన కలుపు మామ ఎందుకవుతాడు?

ఒకరోజు ఊరికే చూద్దామని పారతో గడ్డి కింద ఒక పెళ్ళ లేపాడు. లేపి అలాగే నిలబడిపోయాడు. తన పొలంలో అలాంటి మట్టి పుట్టి బుద్ధెరిగి చూడలేదు. నల్లగా, మెత్తగా, పిండితే ముద్దవుతుంది, వదిలితే పొడవుతుంది. వానపాములు లుకలుకలాడుతున్నాయి. వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు. ఆ పూట అన్నానికి కూర్చున్నా ఆయన చేతికి అదే వాసన.

అప్పట్నుంచి ఆయనకు నిద్ర లేదు. ఇంత మంచి నేలలో గడ్డా! తండ్రికి గానీ తాతకు గానీ దక్కని నేల ఇది. ఒక్క పంట, ఒక్కటంటే ఒక్కటి వేస్తే ఎలా పండుతుందో! నేల బాగవ్వాలని గడ్డి వేశాం, బాగైంది. జబ్బు తగ్గినవాణ్ణి ఇంకా మంచం మీద పడుకోబెట్టడం దేనికి? ఇదీ ఆయన తర్కం. నేల బాగుపడింది గడ్డి వల్లేనన్న ముక్క మాత్రం, నాలిక మీది చేదు మాత్రలా, పక్కకు తోసి మింగేశాడు.

దీనికి తోడు బద్ధకం బావ గట్టు మీదికి వచ్చి, ఆ మట్టిని చేతిలోకి తీసుకుని, "ఇందులో రాయి నాటినా మొలుస్తుంది బావా" అన్నాడు. ఊరికే అన్నాడు. పడుకునేవాడు పడుకోక ఆ ఒక్కరోజే ఎందుకు నోరు తెరవాలి?

మూడో వానాకాలం మొదట్లో భార్య కూతురికి సాయంగా పట్నం వెళ్ళింది. ఆమె బస్సు మలుపు తిరిగిందో లేదో మామ ట్రాక్టర్‌కు నాగలి తగిలించాడు. ఒక్క చెక్క అనుకున్నాడు. అది అయ్యాక దాని పక్కది. నాగలి దిగుతుంటే వెన్నలో కత్తి దిగినట్టుంది. మట్టి నల్లగా తిరగబడి నిగనిగలాడింది. మామ పాట అందుకున్నాడు. సాయంత్రానికి బావికి పైనున్న వాలు సగం, కిందినుంచి పైదాకా, నూలు పట్టి గీసినట్టు తయారైంది. నడుం మీద చేతులు పెట్టుకుని దాన్ని చూసుకుంటుంటే ఆయనకు నిజంగానే కళ్ళు చెమర్చాయి.

భార్య తిరిగొచ్చి చూసి గుమ్మంలోనే కూలబడింది.

"సగమేనే" అన్నాడు మామ. "ఎరువు చిటికెడు కూడా వెయ్యలేదు, నీ మీదొట్టు."

"అమ్మాయికి ఏం చెప్పమంటారు?"

"ఇప్పుడే ఏమీ చెప్పకు. నీళ్ళు బాగానే ఉంటాయి. చూద్దువుగాని."

ఆమెకు చెప్పడానికి నోరు రాలేదు. ఆ తప్పు ఆమెది కూడా అని తర్వాత ఆమే అనుకుని ఏడ్చింది. మామ వేసిన మొక్కజొన్న మొలిచీ మొలవకముందే వానలు వచ్చాయి. అలాంటిలాంటి వానలు కావు.

చెప్పిన రోజుకు కూతురు సామాన్లన్నీ బండికెత్తించుకుని వచ్చేసింది. నిండు కడుపు, భుజం మీద నిద్రపోతున్న పిల్ల. సీసాలమ్మాయి అప్పటికే బావి దగ్గర ఉంది. చేద పైకి లాగింది. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ అమ్మాయి చేద వైపు చూసి, తలెత్తి వాలు వైపు చూసింది.

"దున్నారా?"

మామ నీళ్ళు నమిలాడు. "కొంచెం... సగమే. ఎరువు వెయ్యలేదు."

"మీరు వెయ్యక్కర్లేదండీ!" ఆమె గొంతు పెంచడం అదే మొదటిసారి. "ఇన్నాళ్ళూ ఆ గడ్డి పాత ఎరువునంతా వేళ్ళల్లో, మట్టిలో మూటకట్టి దాచిపెట్టింది. మీరు నాగలితో ఆ మూట చించారు. వాన వచ్చి అంతా బావిలో పోసింది. ఈ సీసా చూడకుండానే చెబుతున్నా, మీరు గడ్డి వేసినప్పటి కంటే ఎక్కువే ఉంటుంది." ఆ తర్వాత పరీక్షలో ఆమె అన్నంతా అయింది.

కూతురు అరవలేదు. బండివాడు సామాను తాళ్ళు విప్పబోతుంటే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

"నాన్నా, నా పిల్ల కంటే మట్టి ముద్దొచ్చిందా నీకు?"

"బుద్ధి గడ్డి తిన్నదమ్మడూ" అన్నాడు మామ. కాళ్ళు పట్టుకునేవాడిలా ముందుకు వంగాడు. "మళ్ళీ వేస్తాను. రేపే వేస్తాను."

"వెయ్యి" అని బండెక్కింది. పిల్ల మెలకువ రాకుండానే వచ్చింది, మెలకువ రాకుండానే వెళ్ళిపోయింది. రెండో కాన్పు దర్జీ కొట్టు పైనే అయింది. మగపిల్లవాడు. మిషన్ల చప్పుడుకు ఉలిక్కిపడుతున్నాడని భార్య వచ్చి చెబితే, మామ విని లేచి పెరట్లోకి పోయాడు.

మళ్ళీ గడ్డి వేశాడు. ఈసారి గట్టు మీదికి ఎవరూ వేళాకోళానికి రాలేదు. అదే ఆయనకు ఎక్కువ అవమానమనిపించింది. నాగలి విప్పి పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేశాడు. గడ్డి ఎలా మొలిస్తే అలా మొలవనిచ్చాడు, ఏది పీకాలనిపించినా చేతులు చంకల్లో పెట్టుకుని తిరిగి వచ్చేసేవాడు. నీళ్ళకు మాత్రం తొందర లేదు. నేల పాడుచెయ్యడానికి ఒక్క పగలు చాలింది గానీ, బాగవ్వడానికి దాని తీరికలో అది ఏళ్ళు తీసుకుంది.

పట్నం వెళ్ళడం మానలేదు. వెళ్ళేవాడు, భార్యతోపాటు దర్జీ కొట్టు దాకా వెళ్ళి, అక్కడ బల్ల మీద కూర్చుండిపోయేవాడు. పైకి రమ్మని అల్లుడు పిలిచినా కదిలేవాడు కాదు. ఏ ముఖం పెట్టుకుని ఎక్కుతాడు? పౌరుషం అనుకునేవాడు ఆయన. పిరికితనం అనేది భార్య. పైన పిల్ల గెంతుతుంటే కప్పు మీద చప్పుడు వినపడేది. ఆ చప్పుడు విని, తెచ్చిన సంచి భార్య చేతికిచ్చి పంపి, బస్సెక్కి వచ్చేసేవాడు. ఆ పిల్ల నడకా మాటా అంతా ఆయనకు ఆ కప్పు మీది చప్పుడే.

చివరికి ఒక ఏడాది వానలు వెళ్ళాక సీసాలమ్మాయి వచ్చి, "తాగొచ్చు" అంది. ఒక్క మాటే అంది. మామ ఆమెను రెండోసారి చెప్పించుకున్నాడు. మూడోసారి కూడా అడగబోతే భార్య ఊరుకోమంది.

కూతురు వచ్చింది. బండి వాకిట్లో ఆగింది. అల్లుడు పిల్లవాణ్ణి ఎత్తుకుని దిగాడు. వెనకాలే మనవరాలు దూకింది. రెండు జడలు, ఊడిపోయిన ఒక పన్ను. మామ ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మం పక్కన నిలబడ్డాడు. రా తల్లీ అందామని పొద్దున్నుంచీ అనుకున్నవాడు చొక్కా గుండీలు సర్దుకుంటూ ఉండిపోయాడు.

పిల్ల ఆయన ముందుకు వచ్చి, తలెత్తి, కిందినుంచి పైదాకా చూసింది.

"దున్నిన తాతవి నువ్వేనా?"

వాకిట్లో అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. తప్పే, అలా అనకూడదు అని కూతురు అనబోయి మానుకుంది. మనింటికి ఎప్పుడెళ్దామని పిల్ల ఏడ్చినప్పుడల్లా, తాత దున్నాడమ్మా, నీళ్ళు బాగవ్వాలి అని చెప్పి పడుకోబెట్టింది తనే.

"నేనేనమ్మా" అన్నాడు మామ.

"మళ్ళీ దున్నుతావా?"

"దున్నను."

"ఒట్టు?"

"ఒట్టు."

పిల్ల ఆ ఒట్టును కాసేపు బేరీజు వేసుకుని తల్లి వైపు తిరిగింది. "అమ్మా, ఈ తాత మాట నమ్మొచ్చా?"

కూతురు బావి దగ్గరికి వెళ్ళి చేద వేసి నీళ్ళు తోడింది. ముందు తను ఒక గుక్క తాగి చూసింది. తర్వాత గ్లాసు నింపి పిల్లకిచ్చింది. పిల్ల గటగటా తాగేసింది. కలుపు మామ గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చాడు.